పప్పన్నం ఎప్పుడు?

మాఘమాసం వచ్చిందంటే ఫంక్షన్ హాళ్లు ఖాళీ ఉండవు. పురోహితులు ఒక పెళ్లి అయీ అవకముందే బండెక్కి ఇంకో పెళ్లికి పరుగెడుతుంటారు. అలాంటి సందట్లో నలభై ఏళ్లు వచ్చినా పెళ్లికాని మగవాడు కనిపించాడంటే, ఎవరో ఒకరు భుజం తట్టి అడగాల్సిందే: "ఏమోయ్, మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అడిగినవాళ్లు జవాబు కోసం ఆగరు. వడ్డన మొదలైందని అటు వెళ్లిపోతారు. అడిగించుకున్నవాడు నవ్వి ఊరుకుంటాడు. అలా నవ్వి ఊరుకునేవాళ్లలో కొందరికి ఇంటి దగ్గర తోడు ఉంది. పదేళ్లుగానో పదిహేనేళ్లుగానో ఉంది. ఆ తోడు కూడా మగవాడే. అలాంటి జంటల గురించి, వాళ్లని కన్నవాళ్ల గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

నేను వకీలుని. వీలునామాలు, పంపకాలు, గిఫ్టు డీడ్లు, అప్పుడప్పుడు విడాకులు, ఇదీ నా పని. గే జంటలు నా దగ్గరికి మనసులో మాట చెప్పుకోవడానికి రారు, ఫ్లాటు గురించి వస్తారు. ఫ్లాటుతో మొదలుపెట్టి, కాఫీ చల్లారేలోగా అమ్మ దగ్గరికి చేరతారు.

ఒక జంట సంగతి చెబుతాను. చెప్పమని వాళ్లే అన్నారు. ఊళ్లూ ఉద్యోగాలూ కొంచెం అటూ ఇటూ మార్చాను, ఎవరని వెతక్కండి. పెద్దాయనది గుంటూరు వైపు, చిన్నాయనది కరీంనగర్ వైపు. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పరిచయమై, 2008 నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నారు. మొదట్లో అద్దె ఇళ్లు. బ్యాచిలర్లకి ఇవ్వమనే ఓనర్లని బతిమాలుకోవడం, 'రూమ్మేట్లం' అని చెప్పుకోవడం. రూమ్మేటు అన్న మాట పాతికేళ్ల వయసులో చెల్లుతుంది. నలభయ్యో పడిలో ఉన్న ఇద్దరు మగవాళ్లు, మంచి జీతాలు వచ్చేవాళ్లు, ఇంకా రూమ్మేట్లమంటే వాచ్‌మన్ కూడా నమ్మడు. అందుకని ఒక ఫ్లాటు కొనుక్కున్నారు.

రెండు పడకగదుల ఫ్లాటు. ఒక గదిలో ఇద్దరూ ఉంటారు. రెండో గదిలో ఇస్త్రీ బల్ల, ఉల్లిపాయల బుట్ట, ఆరేసిన బట్టలు. గుంటూరు నుంచి అమ్మానాన్నా వస్తున్నామని ఫోను చేయగానే ఆ రెండో గదికి ఒక మనిషిని పుట్టించాలి. మంచం మీద దుప్పటి పరిస్తే చాలదు, దాన్ని కాస్త నలపాలి. దిండు పక్కన చార్జరు, కిటికీలో సగం తాగిన నీళ్ల సీసా, తలుపు వెనక లుంగీ, బాత్రూంలో వేరే షేవింగ్ సెట్టు. అన్నిటికన్నా కష్టం ఒకే బీరువాలో కలిసిపోయిన చొక్కాలని విడదీయడం. ఏది ఎవరిదో వాళ్లకే గుర్తుండదు. ఫ్రిజ్ మీద ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉంటుంది, దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక పెడతారు. ఒకసారి ఆ తల్లి వంటకని బియ్యం తీయబోతే ఫొటో చేతికి తగిలింది. కొంగుతో తుడిచి మళ్లీ ఫ్రిజ్ మీదే పెట్టి, "ఫొటో పెట్టుకునే చోటేనట్రా అది, జిడ్డు పట్టదూ?" అన్నదట. తెలిసి అన్నదో తెలియక అన్నదో ఇద్దరూ రాత్రంతా తర్జనభర్జన పడ్డారు. ఆ తెల్లారే ఆవిడ ఒక అమ్మాయి జాతకం పర్సులోంచి తీసింది, కాబట్టి తెలియకే అని తేల్చుకున్నారు. నా అనుభవంలో అదేమంత గట్టి సాక్ష్యం కాదు. తెలిసిన తల్లులు కూడా జాతకాలు తీస్తారు.

పెళ్లి కోసం ఒత్తిడి అంటే సినిమాలో చూపించినట్టు ఒకేసారి కేకలూ ఏడుపులూ ఉండవు. ఏళ్ల తరబడి ఉంటుంది. పెద్దాయనకి ఇరవై ఎనిమిదేళ్లప్పుడు మొదలైంది. మ్యాట్రిమొనీ సైట్లో ఆయనకి చెప్పకుండా ప్రొఫైలు పెట్టారు, ఎత్తు రెండంగుళాలు పెంచి మరీ. ముప్పై రెండొచ్చాక జ్యోతిష్కుడు రంగంలోకి దిగాడు. కుజదోషమన్నాడు, నాగదోషమన్నాడు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి అభిషేకం, అన్నీ అయ్యాయి. ఆ ప్రయాణాలన్నిటికీ కారు నడిపింది చిన్నాయనే. కాళహస్తిలో పూజ టికెట్ల కోసం వరసలో నిలబడ్డదీ ఆయనే. తన తోడుకి త్వరగా పెళ్లి కావాలని చేయించే పూజకి టికెట్టు తీసుకోవడం ఎలా ఉంటుందని అడిగాను. "ఎండగా ఉందండీ" అన్నాడు.

పెద్దాయనకి ముప్పై ఆరు వచ్చాక ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. ఈయన కాదన్నాడు. అప్పుడు తండ్రి బీపీ మాత్రలు మానేశారు. మన ఇళ్లలో ఈ ఆయుధం చాలామంది వాడతారు. ఒకరు మాత్రలు మానేస్తారు, ఒకరు అన్నం మానేస్తారు, ఒకరు 'నా శవాన్ని చూస్తావు' అంటారు. వారం పైగా గడిచాక ఈయన గుంటూరు వెళ్లి "సరే నాన్నా, చూస్తాను" అన్నాడు. పెళ్లిచూపులకి వెళ్లాడు కూడా. కాఫీలయ్యాక అమ్మాయితో మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. ఆ నాలుగు నిమిషాల్లో అమ్మాయికి నిజం చెప్పేశాడు. ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "మీరు వద్దంటే మీవాళ్లు ఒప్పుకోరు. నేనే వద్దంటాను, వెళ్లండి" అన్నదట. అన్నమాట ప్రకారం చేసింది. అంత మంచి సంబంధం వద్దన్నందుకు ఆ అమ్మాయి ఇంట్లో ఎన్ని మాటలు పడ్డదో, ఎన్నాళ్లు పడ్డదో. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే మనిషి ఆవిడే. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

ఆ రాత్రి చిన్నాయన ఇంటికి రాలేదు, ఆఫీసులోనే పడుకున్నాడు. "నువ్వు పెళ్లిచూపులకి వెళ్లావు" అన్న మాట ఆ ఇంట్లో ఇప్పటికీ ఏ చిన్న గొడవైనా బయటికొస్తుంది. గ్యాస్ బండ బుక్ చేయలేదన్న గొడవలో కూడా. ఒత్తిడి అమ్మానాన్నలకీ కొడుక్కీ మధ్య మాత్రమే ఉంటుందని మనం అనుకుంటాం. జంట మధ్యన కూడా అది కాపురం పెడుతుంది. ఒకరు ఇంట్లో చెప్పేసి ఉంటారు, ఒకరు చెప్పి ఉండరు. చెప్పినవాడు చెప్పనివాణ్ణి పిరికివాడంటాడు. చెప్పనివాడు, "మీ అమ్మలాంటిది కాదు మా అమ్మ" అంటాడు. ఆ మాటలో నిజమెంతో, భయమెంతో ఆ ఇద్దరికే తెలియాలి.

మరి కరీంనగర్ అమ్మ సంగతి. భర్త పోయి చాలా కాలమైంది. చదువు ఏడో తరగతి. సంక్రాంతికి సకినాలు చేసి బస్సులో డబ్బా పంపిస్తుంది. మొదటి రెండేళ్లు ఒక డబ్బా వచ్చింది. మూడో ఏడు రెండొచ్చాయి. ఫోను చేసి, "ఒకటి నీకు, ఒకటి నీ దోస్తుకు. గాయిన కారం తక్కువ తింటడు గద, గందుకే అందుల ఓమ జాస్తి ఏసిన" అందట. గుంటూరు మనిషి కారం తక్కువ తినడమేమిటని నవ్వకండి, ఆయనకి అల్సరు. కొడుకు తోడు కడుపులో పుండు సంగతి కూడా తెలిసిన ఆ తల్లి, మళ్లీ అదే ఫోన్లో, "బిడ్డా, నేను పోయినంక నీకు ఎవలు దిక్కు?" అని ఏడ్చేది.

ఈ ప్రశ్న మీద కాసేపు ఆగాలి. గుంటూరులోనూ ఇదే ప్రశ్న, కరీంనగర్‌లోనూ ఇదే. డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయికి వాట్సాప్‌లో వచ్చేదీ ఇదే. అమెరికాలో 2015 జూన్ నుంచి అన్ని రాష్ట్రాల్లో ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, భాగస్వామికి డిపెండెంట్ వీసా కూడా వస్తుంది. అక్కడ చట్టప్రకారం పెళ్లయి, ఇక్కడికి వచ్చిన రెండు వారాల సెలవులో పెళ్లిచూపులకి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

'నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నాం' అన్నది పైకి వినిపించే మాట. కింద వినిపించేది, మేం పోయాక నిన్ను ఎవరు చూస్తారని. వాళ్లకి కావలసింది ఒక పూచీ. మన దగ్గర ఆ పూచీ ఇచ్చే కాగితం పెళ్లి ఒక్కటే అయి కూర్చుంది. విచిత్రమేమిటంటే ఆ ప్రశ్నకి జవాబు వాళ్ల కళ్లముందే తిరుగుతూ ఉంటుంది. గుంటూరు తండ్రికి హైదరాబాద్‌లో కంటి శుక్లాల ఆపరేషన్ జరిగినప్పుడు కొడుకు పుణెలో ఉన్నాడు. ఆస్పత్రిలో కూర్చున్నదీ, నెలరోజులు వేళ తప్పకుండా చుక్కలు వేసిందీ, ఏ చుక్క ఎప్పుడు వేశాడో క్యాలెండర్ మీద గీతలు గీసిందీ చిన్నాయన. ఆ తండ్రి పరమానందపడిపోయి భార్యతో ఏమన్నారంటే: "కుర్రాడు బంగారం. పాపం తండ్రి లేనివాడు, వీడికి కూడా మనమే ఒక సంబంధం చూడాలి."

సంబంధం తర్వాత వచ్చేది మనవడు. "మనవణ్ణి ఎత్తుకుని పోతే చాలు." కొడుకు లేకపోతే పున్నామ నరకమని మన పెద్దల భయం. నాకొక మాట గుర్తొస్తుంది. పెళ్లీ పిల్లలూ లేని భీష్ముడికి తర్పణం వదలమని భీష్మాష్టమి పెట్టారు, అదీ ఈ మాఘమాసంలోనే. ఎవరి కొడుకులో, ఎక్కడివాళ్లో, నీళ్లు వదులుతారు. సరే, ఇది వకీలు వాదన, అమ్మమ్మల దగ్గర చెల్లదు.

బిడ్డ కావాలని ఈ జంట కూడా అనుకుంది. చట్టం ఏమంటుందో చెబుతాను. 2021లో వచ్చిన సరోగసీ చట్టం పెళ్లయిన ఆలుమగలకి, 35 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న వితంతువులకి, విడాకులు తీసుకున్న స్త్రీలకి మాత్రమే వీలిస్తుంది. మగవాడు ఒక్కడే వెళితే దారి లేదు, ఇద్దరు మగవాళ్లు కలిసి వెళితే అసలే లేదు. ఇక దత్తత. జంటగా తీసుకోవాలంటే పెళ్లయి రెండేళ్లు నిలకడగా కాపురం చేసి ఉండాలి. ఒంటరి మగవాడు తీసుకోవచ్చు గాని, మగపిల్లవాణ్ణే తీసుకోవాలి, ఆడపిల్లని ఇవ్వరు. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఒంటరివారి వయసు 40 దాటకూడదు. పెద్దాయనకి ఇప్పుడు 43, చిన్నాయనకి 41. కాళహస్తిలో వరస కట్టిన ఏళ్లూ, జాతకాలు చూసిన ఏళ్లూ, మాత్రలు మానేసిన రోజులూ అన్నీ అందులో పోయాయి. మనవడి కోసం చేసిన ఒత్తిడే మనవడు వచ్చే దారిని మూసింది, ఈ ముక్క ఆ తల్లిదండ్రులకి ఎవరు చెబుతారు?

ఇంకొంచెం పెద్ద బిడ్డని తీసుకోవచ్చు, ఆ అవకాశం ఉంది. అప్పుడు కూడా కాగితం మీద తండ్రి ఒక్కడే. రెండో ఆయన ఆ పిల్లవాడికి పాలు కాచి, పాఠాలు చెప్పి, జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నా, స్కూలు దరఖాస్తులో ఆయనకి గడి ఉండదు. కాగితం మీది తండ్రి కాలం చేస్తే బిడ్డ ఎవరి చేతిలో ఉండాలో బంధువులూ కోర్టూ తేల్చాలి. తండ్రి వీలునామాలో రాస్తే కొంత బలం వస్తుంది, అంతే. ఇదంతా విని వాళ్లు వెనక్కి తగ్గారు. వెనక్కి తగ్గమని నేను చెప్పలేదు. చెప్పలేదని గట్టిగా అనుకుంటున్నాను గాని, నా గొంతులో వినిపించిందేమో.

సుప్రీంకోర్టులో ఈ విషయం మీద నడిచిన కేసుకి హైదరాబాద్‌తోనే ముడి ఉంది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అన్న ఇద్దరు హైదరాబాద్ వాసులు 2021 డిసెంబరులో నగర శివార్లలో ఇరు కుటుంబాల ముందు, బెంగాలీ పంజాబీ ఆచారాలు కలిపి వేడుక చేసుకున్నారు. మరుసటి ఏడు నవంబరులో తమ పెళ్లిని చట్టం గుర్తించాలని సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పది రోజులు వాదనలు విని, 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పింది. పెళ్లి అన్నది రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ ఒక్కమాట మీద చెప్పారు. పెళ్లి కాకపోయినా ఏదో ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలా, కలిసి దత్తత తీసుకోనివ్వాలా అన్న దగ్గర ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు చీలిపోయారు. ఇవ్వాలన్నవాళ్లు జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్. మన హైదరాబాద్‌లో పెరిగిన జస్టిస్ పి.ఎస్. నరసింహ, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ రవీంద్ర భట్‌తో కలిసి అది పార్లమెంటు పని అన్నారు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. పార్లమెంటు ఇప్పటికీ ఆ జోలికి పోలేదు.

తీర్పు రోజు టీవీలో చూసి గుంటూరు తండ్రి, "చూశావా, కోర్టే వద్దంది" అన్నారట. ఎవరికి, ఎందుకు అన్నారో చెప్పలేదు. కొడుకు విన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయనకి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు.

కోర్టు అలా అనలేదు. కలిసి ఉండొద్దని ఏ కోర్టూ అనలేదు. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లోంచి ఇష్టపడి కలిసే పెద్దవాళ్లని తప్పించారు. 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షన్ ఊసే లేదు. 2024 ఆగస్టులో కేంద్రం బ్యాంకులకి చెప్పింది, ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు అని. రేషన్ కార్డు విషయంలో వీళ్లని ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకి రాసింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, పెళ్లి ఒక్కటే కుటుంబం ఏర్పడే దారి కాదు పొమ్మంది.

డాక్టరుకి చూపిద్దామనే తల్లిదండ్రులకి ఒక్క ముక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. మార్చేస్తానని డబ్బులు గుంజే వైద్యం చేస్తే అది వృత్తి దుష్ప్రవర్తన కిందికొస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాబట్టి మార్చేస్తానన్న డాక్టరు దగ్గర కుర్చీలోంచి లేచి వచ్చేయండి. ఇంతకుమించి దీని మీద టైము పెట్టను.

"పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది" అనే మాట మీద మాత్రం పెడతాను. విడాకుల ఫైళ్లలో ఈ మాట ఫలితం నేను చూస్తుంటాను. ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి పదేళ్లు ఆ అమ్మాయి తనలోనే లోపముందనుకుంటుంది. లావయ్యాననుకుంటుంది. చామనఛాయ అనుకుంటుంది. అత్తగారు 'ఇంకా విశేషం లేదా' అంటే సంతాన సాఫల్య కేంద్రాలకి తిప్పుతారు, ఇంజెక్షన్లు ఆ అమ్మాయికే. నిజం బయటపడ్డాక ఏమవుతుంది? మోసం చేసి పెళ్లి చేశారని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు, కాని మోసం తెలిసిన ఏడాది లోపు కోర్టుకి రావాలి, తెలిశాక ఇష్టపడి కాపురం కొనసాగించి ఉండకూడదు. చాలామంది అమ్మాయిలు ఆ ఏడాదంతా అమ్మకి ఎలా చెప్పాలో ఆలోచించడంలోనే గడిపేస్తారు. మమ్ముట్టి, జ్యోతిక నటించిన 'కాదల్: ది కోర్' అన్న మలయాళ సినిమా 2023లో వచ్చింది, విడాకులు అడిగిన భార్య వైపు నుంచి కూడా ఈ సంగతి చెబుతుంది. మన తెలుగు సినిమా ఇంకా 'తేడా' అని ఈల వేయించుకునే దగ్గరే చాలావరకు ఉండిపోయింది. 2018లో వచ్చిన 'అ!' లాంటివి ఒకటీ అరా.

కొడుకు పెళ్లి చేసుకోనంటే మన ఇంటి పరువు పోతుందనిపిస్తుంది, ఒప్పుకుంటాను. ఆ పరువు నిలబెట్టడానికి ఇంకొకరి ఇంటి ఆడపిల్లని తెచ్చి వాడటాన్ని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను.

అందరు తల్లిదండ్రులూ ఒక్కలా ఉండరు. కొడుకుని గదిలో పెట్టి తాళం వేసినవాళ్లున్నారు. కూతురి ఫోను లాక్కుని ఊరు దాటించినవాళ్లున్నారు. వాళ్ల దగ్గర వీలునామాల మాట ఎత్తి లాభం లేదు, కోర్టు తలుపు తట్టాల్సిందే. విజయవాడలో ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటే, ఒకమ్మాయిని ఇంటివాళ్లు పట్టుకుపోయారు. రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ వేసింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి అమ్మాయిని పిలిపించి అడిగి, మేజరు కాబట్టి తనకి నచ్చినవాళ్లతో ఉండొచ్చని పంపించేసింది.

గుంటూరు, కరీంనగర్ తల్లిదండ్రులు ఆ కోవలోవాళ్లు కారు. వాళ్లది భయం. భయానికి కొంత మందు కాగితంలో ఉంది, అందుకే ఈ జంట నా దగ్గరికి వచ్చింది.

ఫ్లాటు చిన్నాయన పేరు మీద ఉంది. లోనుకి సహ రుణగ్రహీత అంటే బ్యాంకులు దగ్గరి బంధువు కావాలంటాయి, ఈయన బంధువు కాడు. ఈఎంఐలో సగం మాత్రం నెలనెలా పెద్దాయనే కడుతున్నాడు. చిన్నాయనకి రేపు ఏదైనా జరిగితే? హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లికాని మగవాడి ఆస్తి మొట్టమొదట తల్లికి పోతుంది. ఆవిడ తర్వాత ఆవిడ కూతురికి. పెద్దాయన సగం డబ్బు కట్టిన ఇంట్లోంచి సూట్‌కేసుతో బయటికి నడవాలి. "నామినీగా పెట్టాడు కదండీ" అన్నాడాయన బ్యాంకు ఖాతా గురించి. ఇది విని ఉండండి, పెళ్లయినవాళ్లు కూడా వినండి: నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే. ఆ డబ్బు అసలు వారసులకి అప్పజెప్పాలి. సుప్రీంకోర్టు బీమా విషయంలో 1984లోనే, షేర్ల విషయంలో 2023లో ఈ మాట చెప్పింది. పోనీ బతికుండగానే సగం వాటా బహుమతిగా ఇస్తాడా అంటే, బంధువు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటితే ఆదాయపు పన్ను కట్టాలి. భార్యకిస్తే ఆ పన్ను లేదు. పదిహేడేళ్లు కలిసి బతికిన మనిషికిస్తే ఉంది.

మిగిలింది వీలునామా. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు కళ్లముందు సంతకం పెట్టాలి. దానితోపాటు ముందస్తు వైద్య ఆదేశం కూడా రాయించాను. తెలివి తప్పి ఐసీయూలో ఉంటే తన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాసుకోవచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పద్ధతి సులువు చేసింది, నోటరీ దగ్గర చేయిస్తే సరిపోతుంది.

గుంటూరు నాన్నగారు ఈ కాగితాల సంగతి విన్నారు, ఏమీ అనలేదు. మాత్రలు వేసుకుంటున్నారు. రోజూ రాత్రి ఎనిమిదికి చిన్నాయన ఫోను చేసి, "వేసుకున్నారా అంకుల్?" అని అడుగుతాడు. "వేసుకున్నానయ్యా" అని పెట్టేస్తారు. ఇంకో సంబంధం మాట ఆ ఇంట్లో వినబడలేదు. అమ్మగారు మాత్రం పేరంటాలకి వెళ్లడం తగ్గించుకున్నారు, అడిగితే మోకాళ్ల నొప్పులంటున్నారు.

చిన్నాయన వీలునామాకి సాక్షిగా కరీంనగర్ అమ్మనే పిలుద్దామని నేనే సలహా ఇచ్చాను. వీలునామా లేకపోతే ఆస్తి ఎవరికి దక్కేదో ఆ మనిషే సాక్షి సంతకం పెడితే, రేపు దాన్ని సవాలు చేసేవాళ్లకి కాళ్లు ఆడవు. ఆవిడకి అన్నీ విడమరిచి చెప్పాలి కదా, చెప్పాను. ఈ ఇల్లు నీ కొడుకు తర్వాత నీకు రాదమ్మా, నీ కూతురికీ రాదు, ఇదిగో ఈయనకి పోతుంది అని. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. పెద్దాయన నా బీరువా మీది లా రిపోర్టుల వీపులు చదువుతున్నాడు. ఆవిడ పెన్ను తీసుకుంది, సంతకం పెట్టబోయి ఆగింది.

"అమ్మా వకీలమ్మా, మరి గా పిలగాడు మావోని పేరు మీద ఏమన్న రాసిండా?"

రాశాడమ్మా, ఆ కాగితం పక్కనే ఉందన్నాను. చదివి వినిపించమంది. వినిపించాను. డిపాజిట్లూ, గుంటూరు దగ్గర 200 గజాల స్థలమూ.

"గుంటూర్ల గజం ఎంతున్నది?" అనడిగింది.

చెప్పాను. మనసులో లెక్క వేసుకుని, సరేనని సంతకం పెట్టింది.